ఎర్ర నేల, తెల్ల ఆకాశం: ఒడిశా సరిహద్దులో ఫిల్మ్ కెమెరాకు ఏ ఫిల్టర్?

డిజిటల్ కెమెరాతో తీసిన ఫోటోలో ఆకాశం పాలిపోతే ఇంటికొచ్చి కంప్యూటర్‌లో నీలాన్ని ముదురు చేసుకోవచ్చు. బ్లాక్ అండ్ వైట్ రీలుకు ఆ వీలు లేదు. ఏ రంగు ఎంత నల్లగా, ఎంత తెల్లగా మారాలో షట్టర్ పడినప్పుడే తేలిపోతుంది. రెండు వేరు వేరు రంగులు నెగటివ్ మీద ఒకే బూడిద ఛాయగా పడ్డాయంటే, ఆ తర్వాత డార్క్‌రూమ్‌లో ఎంత తంటాలు పడినా, ఎంత ఖరీదైన స్కానర్ వాడినా వాటిని విడదీయలేం. లెన్స్ ముందు బిగించే రంగు అద్దానికి నేటికీ పని ఉన్నది ఇందుకే.

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు పాత కెమెరాను బీరువాలోంచి తీసి మళ్లీ రీలు ఎక్కించేవాళ్లకు ముందుగా వినిపించే సలహా ఒకటే: ఎర్ర ఫిల్టర్ కొను, ఆకాశం నల్లగా, మబ్బులు తెల్లగా అదిరిపోతాయి. పొడి గాలి, ముదురు నీలి ఆకాశం ఉన్న ఎత్తైన ప్రాంతాలకు ఆ సలహా సరిపోతుంది. ఒకవైపు సముద్రం, మరోవైపు తూర్పు కనుమలు ఉన్న ఈ పట్టీలో ఏడాదికి కొన్ని నెలలు మాత్రమే దానికి విలువ. ఇక్కడి ఫోటోలో ఆకాశం కన్నా నేల, ఆకు, బట్ట, మనిషి ముఖం ఎక్కువ చోటు తీసుకుంటాయి. వాటి కోసమైతే మొదట కొనాల్సింది పసుపు, తర్వాత పసుపు-ఆకుపచ్చ. ఎర్రది మూడోదో నాలుగోదో అయినా నష్టం లేదు.

ఫిల్టర్ చేసే పని చిన్నదే. తన రంగు వెలుతురును పోనిస్తుంది, దానికి ఎదురు రంగును ఆపేస్తుంది. దాంతో ప్రింటులో ఫిల్టర్ రంగు వస్తువులు తెల్లబడతాయి, ఎదురు రంగువి నల్లబడతాయి. పసుపు ఫిల్టర్ నీలాన్ని ఆపుతుంది. ఎర్రది నీలంతో పాటు ఆకుపచ్చను కూడా ఆపేస్తుంది. ఆకుపచ్చ ఫిల్టర్ ఎరుపునూ నీలాన్నీ రెండింటినీ అడ్డుకుంటుంది. ఇందులో మొదట గుర్తుంచుకోవాల్సింది ఫిల్మ్ స్వభావం. మన కంటికి ఆకుపచ్చ ప్రాంతపు వెలుతురు అన్నిటికన్నా కాంతిగా కనిపిస్తుంది. మామూలు పాన్‌క్రోమాటిక్ (అన్ని రంగులకూ స్పందించే) ఫిల్మ్ నీలానికి కంటికన్నా ఎక్కువగా స్పందిస్తుంది. గోపాల్‌పూర్ తీరంలో ఫిల్టర్ లేకుండా తీసిన ఫోటోలో సముద్రం, ఆకాశం గీత తెలియకుండా కలిసిపోవడానికి, కళ్లెదుట నీలంగా ఉన్న ఆకాశం ప్రింటులో తెల్ల కాగితంలా రావడానికి కారణం ఇదే. ఈ తేడాను సరిదిద్ది, కన్ను చూసినదానికి ఫిల్మ్‌ను దగ్గర చేసేది పసుపు ఫిల్టర్.

ఫిల్టర్ రింగు మీద కనిపించే 8, 11, 25 వంటి సంఖ్యలు రాటెన్ నంబర్లు. ఇంగ్లండుకు చెందిన ఫ్రెడరిక్ రాటెన్ పేరు మీద వచ్చాయి. ఆయన కంపెనీని 1912లో కొడాక్ కొన్నది. 8 అంటే పసుపు, 11 పసుపు-ఆకుపచ్చ, 21 నారింజ, 25 ఎరుపు, 29 ముదురు ఎరుపు. జపాన్ కంపెనీలు కొన్ని వీటికి బదులు కే2, ఎక్స్1, ఆర్1 వంటి అక్షరాలు ముద్రిస్తాయి. పేరు ఏదైనా అద్దాన్ని తెల్ల కాగితం మీద పెట్టి చూస్తే రంగు తెలిసిపోతుంది.

ఇక్కడి ఆకాశం సంగతి విడిగా చూడాలి. ఏప్రిల్, మే నెలల్లో బరంపురం, ఛత్రపురం వైపు మధ్యాహ్నం ఆకాశం నీలంగా ఉండదు. ఉక్కతో, గాలిలోని తేమతో పాలపొరలా తెల్లగా ఉంటుంది. ఫిల్టర్ నీలాన్నే నల్లబరచగలదు. లేని నీలాన్ని తెచ్చిపెట్టలేదు. అలాంటి రోజు ఎర్ర ఫిల్టర్ పెట్టినా ఆకాశం తెల్లగానే వస్తుంది, పైగా మూడు స్టాపుల వెలుతురు పోతుంది (ఒక స్టాపు పోవడమంటే వెలుతురు సగమవడం). అప్పుడు ఆకాశాన్ని ఫ్రేములోంచి తగ్గించి, నేలవైపు కెమెరా వంచడమే మేలు. వానలు తగ్గి గాలి కడిగినట్టయ్యాక, అంటే అక్టోబరు నుంచి కొన్ని వారాల పాటు, అసలైన నీలం తేలుతుంది. నారింజ, ఎరుపు ఫిల్టర్లకు అదే అదను. అప్పుడు కూడా సూర్యుడికి ఎదురు వైపు, నెత్తిమీది భాగంలో ఆకాశం ఎక్కువ నల్లబడుతుంది. క్షితిజం దగ్గర, సూర్యుడి పక్కన మార్పు తక్కువ.

కొండల్లో ఇంకో తికమక ఉంది. కొరాపుట్ జిల్లాలో 1,672 మీటర్ల దేవమాలి మీద, గజపతి జిల్లాలో 1,501 మీటర్ల మహేంద్రగిరి మీద నిలబడి తీసే దూరపు దృశ్యాల్లో తెల్లగా పరుచుకున్నదంతా ఒకే రకం కాదు. గాలిలోని అతి సన్నని కణాల వల్ల దూరపు కొండలు నీలి ముసుగు వేసుకున్నట్టు కనిపిస్తే, అది నీలి వెలుతురు ఎక్కువగా చెదరడం వల్ల వచ్చింది. పసుపు దాన్ని కొంత, నారింజ ఇంకొంత, ఎరుపు చాలావరకు తగ్గిస్తాయి. కొండల వరసలు ఒకదాని వెనక ఒకటి విడివిడిగా తేలుతాయి. చలికాలపు తెల్లవారుజామున లోయలో నిండే పొగమంచు సంగతి వేరు. అందులోవి నీటి బిందువులు. అవి అన్ని రంగులనూ దాదాపు ఒకేలా చెదరగొడతాయి కాబట్టి ఏ రంగు అద్దమూ దాన్ని చీల్చలేదు. ఎండాకాలం ముందు పోడు కాల్చినప్పుడు లేచే పొగ ఈ రెండింటికీ మధ్య ఉంటుంది. చీకటి కొండ ముందు నీలంగా కనిపించే పలుచని పొగ నారింజ ఫిల్టర్‌తో తగ్గుతుంది. దట్టంగా, తెల్లగా లేచేది తగ్గదు. ఆ పొగే ఫోటోకు విషయమైతే ఫిల్టర్ తీసేయాలి. పొగమంచు అందం కావాలనుకునేవాడు నారింజ ఫిల్టర్‌తో ఆ కాస్త నీలి దూరాన్ని కూడా చెరిపేసుకోవడంలో అర్థం లేదు.

నేల దగ్గరికి వస్తే, కొరాపుట్, రాయగడ పీఠభూమి నేల ఎరుపు. మధ్యలో చోళ్లు, వరి, కొండవాలు పచ్చిక. కంటికి ఎరుపు, ఆకుపచ్చ కొట్టొచ్చినట్టు వేరుగా కనిపిస్తాయి. ఫిల్మ్ మీద మాత్రం అవి చాలాసార్లు ఒకే ఛాయకు దిగి, దృశ్యమంతా చప్పగా వస్తుంది. ఎర్ర ఫిల్టర్ పెడితే దారి, గట్టు, మట్టి గోడ తెల్లబడి, పైరు నల్లబడుతుంది. ఆకుపచ్చ లేదా పసుపు-ఆకుపచ్చ పెడితే తారుమారు: పైరు వెలుగుతుంది, మట్టి ముదురుతుంది. రెండూ ఫోటోలే. ఏది కావాలో తీసేవాడు ముందే తేల్చుకోవాలి. అడవిలో మాత్రం ఎర్ర ఫిల్టర్ దాదాపు ఎప్పుడూ చెడే చేస్తుంది. చెట్ల నీడలో పడేది చాలావరకు ఆకాశపు నీలి వెలుతురు, ఆకుల్లోంచి వడకట్టిన ఆకుపచ్చ వెలుతురు. ఎర్ర అద్దం ఆ రెండింటినీ ఆపేస్తుంది. నీడలు నెగటివ్ మీద ఖాళీగా మిగులుతాయి, ప్రింటులో నల్ల ముద్దలవుతాయి. ఫిల్టర్ అంటే ఆకాశమే అనుకునేవాళ్లు ఈ నీడల లెక్క మరిచిపోతుంటారు.

శీతాకాలం మొదట్లో కొరాపుట్ వాలుల్లో వలిసె పూలు విరగబూస్తాయి. పసుపు ఫిల్టర్ సామర్థ్యం చూడాలంటే ఇంతకన్నా మంచి చోటు లేదు. ఫిల్టర్ లేకుండా పూలు, ఆకాశం దగ్గర దగ్గర ఛాయల్లో వస్తాయి. 8వ నంబరు పసుపు పెట్టగానే ఆకాశం ఒక మెట్టు దిగి, పూలు వెలిగినట్టు పైకి తేలతాయి. ఎరుపు పెడితే పూలు ఇంకా తెల్లగానే ఉంటాయి కానీ కింద ఆకులు నల్లబడి చేను బూడిద చల్లినట్టు గరుకుగా కనిపిస్తుంది.

ముఖాల విషయంలో జాగ్రత్త ఇంకా ఎక్కువ అవసరం. కుంకుమ బొట్టు ఎరుపు. ఎర్ర ఫిల్టర్ ఎరుపును తెల్లబరుస్తుంది. అంటే పెళ్లికూతురి నుదుటి మీద బొట్టు, పాపిట సిందూరం ఫోటోలో చర్మంలో కలిసిపోతాయి. పెదాల ఎరుపూ పోతుంది, ముఖం పాలిపోయి నున్నగా వస్తుంది. తెలుగు ఇంట్లోనైనా ఒడియా ఇంట్లోనైనా బొట్టు మాయమైన పెళ్లి ఫోటోను పెద్దవాళ్లకు చూపిస్తే ఏమంటారో చెప్పనక్కర్లేదు. నారింజ ఫిల్టర్ కూడా ఇంత కాకపోయినా అటే లాగుతుంది. మొటిమలు, ఎర్ర మచ్చలు తగ్గాలంటే నారింజ వాడమని పుస్తకాల్లో ఉంటుంది. అది బొట్టు లేని ముఖాలకు పుట్టిన సలహా.

పసుపు-ఆకుపచ్చ ఫిల్టర్ దీనికి మందు. బొట్టు నల్లగా, స్పష్టంగా నిలుస్తుంది. పెదాలకు ఆకారం వస్తుంది. చర్మం కొంచెం ముదిరి, ముడతలు, గీతలు, చెమట మెరుపు కనిపిస్తాయి. ముసలివారి ముఖాలకు, పొలంలో పనిచేసేవారి ముఖాలకు ఇది బాగా నప్పుతుంది. చామనఛాయ కన్నా ముదురు చర్మానికి నీడలో వాడితే మాత్రం ముఖం మరీ దిగిపోవచ్చు. అర స్టాపు ఎక్కువ వెలుతురు ఇవ్వడం, లేదా తెల్ల గోడ పక్కన నిలబెట్టడం తేలికైన మార్గం. పచ్చటి పూర్తి ఆకుపచ్చ, 58వ నంబరు, ముఖాలకు అతి. ఇక ఇల్‌ఫోర్డ్ ఆర్థో ప్లస్ వంటి ఆర్థోక్రోమాటిక్ ఫిల్మ్ ఎక్కించినవారికి ఆకుపచ్చ ఫిల్టర్ అవసరమే లేదు. ఆ ఫిల్మ్‌కు ఎరుపు కనపడదు కాబట్టి బొట్టు దానంతటదే నల్లగా వస్తుంది. దానికి ఎర్ర ఫిల్టర్ పెడితే రీలంతా ఖాళీ.

చీరల దగ్గర కూడా ఇదే లెక్క. బరంపురం పట్టుచీర అంచు గుడి గోపురాల వరసలా ఉంటుంది. ఎర్ర చీరకు ఆకుపచ్చ అంచు అయితే, ఫిల్టర్ లేని ఫోటోలో ఆ గోపురాలు చీరలో మునిగిపోయే ప్రమాదం ఉంది. పసుపు-ఆకుపచ్చతో చీర ముదిరి అంచు తేలుతుంది. కోట్‌పాడ్ నేత బట్టలో ఆల్ చెట్టు వేరు రంగుతో వచ్చే ముదురు ఎరుపు, రంగు వేయని లేత నూలు పక్కపక్కనే ఉంటాయి. అక్కడ ఎర్ర ఫిల్టర్ పెడితే నేతలోని బొమ్మలే పలచబడతాయి. బట్ట తీసేవారు ముందుగా ఆ బట్టలో విడిగా కనిపించాల్సిన రెండు రంగులేవో చూసుకుంటే, ఫిల్టర్ ఏదో దానంతటదే తేలుతుంది.

ఇప్పుడు ఎక్స్‌పోజర్. ఫిల్టర్ వెలుతురును తింటుంది. 8వ నంబరు పసుపుకు 1 స్టాపు, 11వ నంబరుకు 2, నారింజకు సుమారు 2, 25వ నంబరు ఎరుపుకు 3, 29కి 4. రింగు మీద ×2, ×4, ×8 అని ఉంటే అవి వరసగా 1, 2, 3 స్టాపులు. 400 ఐఎస్‌ఓ ఫిల్మ్‌తో మంచి ఎండలో 1/500 సెకను, ఎఫ్16 (లెన్స్ రంధ్రపు కొలత, అంకె తగ్గితే రంధ్రం పెద్దది) అనుకుంటే, పసుపుతో ఎఫ్11, ఎరుపుతో ఎఫ్5.6. ఇల్‌ఫోర్డ్ హెచ్‌పీ5, కొడాక్ ట్రై-ఎక్స్ వంటి 400 ఫిల్మ్ అయితే ఈ నష్టం చేతితో పట్టుకునే తీయగలిగేంత. 100 ఫిల్మ్‌తో, కొండ నీడలో, ఎర్ర ఫిల్టర్‌తో అంటే ట్రైపాడ్ వెంట మోసుకెళ్లాల్సిందే.

వెలుతురు కొలిచే కెమెరా మీటరు ఎక్కడ ఉందన్నది తేలకుండా పై లెక్క వేసుకోకూడదు. లెన్స్ గుండా కొలిచే ఎస్‌ఎల్‌ఆర్ (లెన్స్ గుండానే చూసి తీసే కెమెరా) అయితే ఫిల్టర్ తిన్నది మీటరుకు కనిపిస్తుంది, విడిగా కలపనక్కర్లేదు. కానన్ కానొనెట్ క్యూఎల్17, ఒలింపస్ ట్రిప్ 35 వంటివాటిలో మీటరు కన్ను లెన్స్ చుట్టూ ఉన్న రింగులోనే ఉండటంతో ఫిల్టర్ దాన్ని కూడా కప్పుతుంది. అక్కడా చింత లేదు. యాషికా ఎలెక్ట్రో 35లో ఆ కన్ను కెమెరా ముఖం మీద, లెన్స్‌కు బయట ఉంటుంది. పసుపు ఫిల్టర్ పెట్టినప్పుడు ఐఎస్‌ఓ డయల్‌ను 400 నుంచి 200కు దించకపోతే రీలంతా ఒక స్టాపు తక్కువ పడుతుంది. తీసేశాక మళ్లీ పైకి తిప్పాలి, ఇది ఎక్కువమంది మరిచిపోయేది.

లెన్స్ గుండా కొలిచే మీటరు కూడా ఎరుపు దగ్గర నమ్మకమైనది కాదు. పెంటాక్స్ కే1000 వంటివాటిలోని కాడ్మియం సల్ఫైడ్ కన్ను ఎరుపుకు ఫిల్మ్ కన్నా ఎక్కువ స్పందిస్తుంది. ముదురు ఎరుపు అద్దం పెట్టి కొలిస్తే వెలుతురు ఉన్నదానికన్నా ఎక్కువుందని చెప్పి, నెగటివ్‌ను పలచగా దింపుతుంది. ఫిల్టర్ లేకుండా కొలిచి, 25కు 3, 29కి 4 స్టాపులు చేత్తో కలిపి, ఆపై ఫిల్టర్ బిగించడం నిక్కచ్చి పద్ధతి. పసుపుకు ఇంత తతంగం అక్కర్లేదు. ఎస్‌ఎల్‌ఆర్‌లో ఎర్ర ఫిల్టర్‌తో వ్యూఫైండర్ ఎర్రగా, చీకటిగా మారి ఫోకస్ చేయడం కష్టమవుతుంది. లెన్స్‌లోంచి కాక వేరే కిటికీలోంచి చూసి తీసే రేంజ్‌ఫైండర్‌కు ఆ ఇబ్బంది లేదు. దానికి బదులు లెన్స్ మూత తీయకుండానే క్లిక్ కొట్టే ఇబ్బంది ఉంది.

పోలరైజర్ రంగు ఫిల్టర్ల జాతిది కాదు. అది ఒక దిశలో కంపించే వెలుతురును ఆపుతుంది. సూర్యుడికి 90 డిగ్రీల పక్క దిశలో ఆకాశాన్ని ముదురు చేస్తుంది, నీటి మీది, ఆకుల మీది మెరుపును తుడిచేస్తుంది. రంగు ఫిల్మ్‌లో ఆకాశాన్ని ముదురు చేయడానికి ఉన్న మంచి సాధనం ఇదే. పసుపు ఫిల్టర్ పెడితే ఫోటో అంతా పసుపే. ఈ ప్రాంతంలో పోలరైజర్ అసలు విలువ ఆకాశంలో కన్నా వానలో ఉంది. జల్లు ఆగిన వెంటనే దుడుమ జలపాతం దగ్గర తడి ఆకులన్నీ తెల్లగా మెరుస్తూ పచ్చదనాన్ని దాచేస్తాయి. పోలరైజర్ తిప్పుతుంటే ఆ మెరుపు పోయి పచ్చ బయటపడుతుంది. చిలికా సరస్సు రంభ ఒడ్డున నీటి అడుగు కనిపించేలా చేసేదీ ఇదే. బెల్లగుంట ఇత్తడి చేపల వంటి లోహపు వస్తువుల మెరుపు మీద మాత్రం దీని మంత్రం పారదు. ఒకటిన్నర నుంచి రెండు స్టాపులు పోతాయి. 24 ఎంఎం వంటి వెడల్పు లెన్స్‌తో ఆకాశంలో ఒక పక్క నల్లగా, ఒక పక్క తెల్లగా మచ్చ పడుతుంది. లీనియర్, సర్క్యులర్ అని రెండు రకాలు. నికాన్ ఎఫ్ఎం2, కే1000 వంటివాటికి చవకైన లీనియర్ చాలు. ఆటోఫోకస్ కెమెరాలకు, నికాన్ ఎఫ్3, కానన్ ఎఫ్-1 వంటివాటికి సర్క్యులర్ కావాలి, లేకపోతే మీటరు తప్పు చెబుతుంది.

జలపాతాన్ని పాలధారలా తీయడానికి ఎన్‌డీ ఫిల్టర్ (రంగు మార్చకుండా వెలుతురును మాత్రమే తగ్గించే అద్దం) కొనేవాళ్లు ఒక సంగతి చూసుకోవాలి. సెకను దాటిన ఎక్స్‌పోజర్లలో ఫిల్మ్ నెమ్మదిస్తుంది. హెచ్‌పీ5 మీద మీటరు 10 సెకన్లు చెబితే ఇవ్వాల్సింది దాదాపు 20.

రంగు ఫిల్మ్‌కు ఇంకా చెప్పాల్సింది కొద్దిగానే. నెగటివ్ రంగు రీలులో చిన్న తేడాలను ల్యాబ్ సరిచేస్తుంది కాబట్టి 81ఏ వంటి వెచ్చటి ఫిల్టర్ల మీద డబ్బు పెట్టనక్కర్లేదు. నేరుగా అసలు రంగుల బొమ్మే వచ్చే స్లయిడ్ ఫిల్మ్ వాడేవారికి మాత్రం నీడలోని నీలి ఛాయ తగ్గించడానికి అది పనికొస్తుంది. సినిమా ఫిల్మ్ నుంచి వచ్చిన 500టీ, 800టీ రకాలు 3,200 కెల్విన్ బల్బు వెలుతురుకు తయారైనవి. పగలు తీస్తే నీలంగా వస్తాయి. 85బీ కాషాయ ఫిల్టర్ దాన్ని సరిచేస్తుంది, 500 వేగం 320కి దిగుతుంది. బరంపురంలో రెండేళ్లకోసారి చైత్రంలో, తెలుగు నేత కుటుంబాలతో ముడిపడి జరిగే బుఢీ ఠాకురాణి జాతర రాత్రులకు ఈ ఫిల్మ్ ఏ ఫిల్టరూ లేకుండా వాడితేనే మంచిది. ఇప్పుడక్కడ పాత బల్బులతో పాటు రకరకాల ఎల్‌ఈడీలు కలగలిసి వెలుగుతాయి. అన్నిటినీ ఒకేసారి సరిచేసే అద్దం లేదు.

యూవీ ఫిల్టర్ మీద చర్చ ఎప్పటికీ తెగదు. ఫిల్మ్‌కు అతినీల కాంతి తగులుతుందన్నది నిజమే. అయితే లెన్స్‌లోని గాజు, దాని పూతలు అందులో చాలావరకు ముందే ఆపేస్తాయి. కాబట్టి దాన్ని ఫోటో కోసం కాకుండా రక్షణ కోసం కొంటున్నామని ఒప్పుకుంటే సరి. గోపాల్‌పూర్ ఇసుకలో, ఉప్పు తుంపరల్లో అది తప్పక ఉండాలి. జాతర దీపాల ముందు తీసేయాలి, లేకపోతే ప్రతి దీపానికీ ఫోటోలో ఒక దొంగ నీడ దీపం పుడుతుంది. పసుపు ఫిల్టర్ మీద యూవీ తగిలించడం ఉత్త దండగ. పసుపు అతినీల కాంతిని ఎలాగూ ఆపుతుంది.

కొనేటప్పుడు సైజు చూడాలి. నికాన్ పాత లెన్సులకు ఎక్కువగా 52 ఎంఎం, పెంటాక్స్, ఒలింపస్‌లకు 49, యాషికా ఎలెక్ట్రోకు 55. రెండు మూడు కెమెరాలు ఉన్నవారు పెద్ద సైజులో ఒకే సెట్టు కొని, చిన్న లెన్స్‌కు పెద్ద ఫిల్టర్ బిగించే స్టెప్-అప్ రింగులతో నడిపితే డబ్బు మిగులుతుంది. చిన్న అద్దాన్ని పెద్ద లెన్స్‌కు తగిలిస్తే మూలలు నల్లబడతాయి. యాషికా మ్యాట్ వంటి రెండు లెన్సుల కెమెరాలకు మర ఉండదు, బే 1 అనే కొక్కెం రకం కావాలి.

పాత స్టూడియోల సొరుగుల్లో దొరికే ఫిల్టర్లు చవకే కానీ, రెండు గాజుల మధ్య రంగు పొర అతికించిన రకాల్లో అంచు నుంచి పొర విడిపోయి ఇంద్రధనుస్సు చారలు కనిపిస్తే వదిలేయాలి. పోలరైజర్‌ను ల్యాప్‌టాప్ ఎల్‌సీడీ తెర ముందు తిప్పి చూడాలి. తెర దాదాపు నల్లగా మారకపోతే దాని పని అయిపోయినట్టే. వానాకాలంలో తోలు పర్సులో మూసిపెట్టిన ఫిల్టర్‌కు లెన్స్‌కన్నా ముందే ఫంగస్ పడుతుంది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టి, జెల్ రంగు మారినప్పుడల్లా వేడిచేసి మళ్లీ వాడాలి. అల్యూమినియం రింగులు ఉప్పు గాలికి లెన్స్ మరలో పట్టేస్తాయి. ఇత్తడి రింగులు అంత తేలిగ్గా పట్టవు, అందుకే ఖరీదు ఎక్కువ. పట్టేసిన రింగును గట్టిగా నొక్కితే అది వంగి ఇంకా బిగుస్తుంది. రబ్బరు చెప్పు అడుగును రింగుకు సమంగా ఆనించి మెల్లగా తిప్పితే వదులుతుంది.